పాస్టరు అను మాట

మన సంఘములలో “పాస్టరుగారు” అని పిలువనివారు లేరు; ఆ మాటకు అర్థమడిగినవారు తక్కువ. మేమును చాలకాలము అడుగలేదు. అది లాటిను మాట. “పాస్కో” అనగా మేపుచున్నాను, “పాస్కోర్” అనగా మేయుచున్నాను. ధాతువొక్కటే, చివరి ప్రత్యయము మారగానే కాపరి పని గొఱ్ఱె పని అగును. మేపు, మేయు అను జంట తెలుగునను ఉన్నది గనుక ఇది మనకు క్రొత్త కాదు. ఆ ధాతువునుండి వచ్చిన “పాస్తోర్” అనగా మేపువాడు.

యోహాను సువార్త 21వ అధ్యాయమున పేతురునకిచ్చిన ఆజ్ఞకు గ్రీకులో రెండు క్రియలున్నవి: మేపుట, కాయుట. మన తెలుగు బైబిలు ఆ భేదము నిలుపుకొన్నది. లాటినులో మూడుమారులును “పాస్కె”, అనగా మేపుము, అనియే.

23వ కీర్తన సంగతి ఇంకను విచిత్రము. నాల్గవ శతాబ్దమున జెరోము కీర్తనలను గ్రీకునుబట్టి సవరించినప్పుడు మొదటి వచనమున “రెగిత్”, అనగా ఏలుచున్నాడు, అని యుండెను. తరువాత ఆయనయే హెబ్రీనుండి తర్జుమా చేసి “పాస్కిత్”, మేపుచున్నాడు, అని వ్రాసెను. హెబ్రీలో ఉన్నది కాపరి మాటయే. అయినను పాశ్చాత్య సంఘము శతాబ్దములపాటు ఆరాధనలో పాడినది ఏలుచున్నాడనియే. ఏలువాడు మంద కడుపు చూడవలెనను నియమమేమియు లేదు గదా! రోమను కతోలిక సంఘము 1979లో ప్రకటించిన క్రొత్త లాటిను బైబిలులో “పాస్కిత్” చేరినది.