పాతబస్తీలో వివాహ నమోదు: నిఖానామా, చట్టం, వధువు వయస్సు

(ప్రత్యేక వ్యాసం)

హైదరాబాదు పాతబస్తీలో ముస్లిం వివాహం జరిగిన వేళనే ఒక పత్రం సిద్ధమవుతుంది. ప్రభుత్వం నియమించిన ఖాజీ గాని, ఆయన తరఫున నాయబ్ ఖాజీ గాని వధూవరుల పేర్లు, వయస్సు, చిరునామాలు, వధువు తరఫు వకీలు, సాక్షుల వివరాలు, మెహర్ మొత్తాన్ని నిఖానామాలో వ్రాసి సంతకాలు తీసుకుంటారు. మెహర్ అప్పుడే చెల్లించారా, తరువాత చెల్లించవలసి ఉన్నదా అన్నది కూడా అందులోనే ఉంటుంది. రేపు వివాదం తలెత్తితే వధువు చేతిలో ఉండే మొదటి ఆధారం ఇదే. అందువలన తన ప్రతిని అదే రోజున అడిగి తీసుకోవడం, దానిని అత్తవారింటి బీరువాకు అప్పగించకుండా తన వద్దనే ఉంచుకోవడం ఎంతైనా అవసరం.

ఖాజీల నియామకానికి ఆధారం 1880 నాటి ఖాజీల చట్టం. ఆ చట్టం ఖాజీకి న్యాయాధికారం గాని, పరిపాలనాధికారం గాని ఇవ్వలేదు. ఖాజీ హాజరైతేనే వివాహం చెల్లుతుందని కూడా చెప్పలేదు. ఆయన వ్రాసేది వివాహానికి సాక్ష్యం మాత్రమే. ఖాజీ వద్ద నమోదైన వివాహానికి ధ్రువపత్రం కావలసినవారు నాంపల్లి హజ్ హౌస్‌లోని వక్ఫ్ బోర్డు ఖజాత్ విభాగాన్ని సంప్రదించడం ఆనవాయితీ. పాస్‌పోర్టు దరఖాస్తుతో వివాహ పత్రం జతపరచాలన్న నిబంధనను కేంద్రం 2016 డిసెంబరులో తొలగించినప్పటికీ, గల్ఫ్‌లో పనిచేసే భర్త వద్దకు కుటుంబ వీసాపై వెళ్లేందుకు ఈ పత్రం కావలసిందే. విదేశాలలో చెల్లుబాటుకు అపోస్టిల్ ముద్ర వేయించే విధానంలో భారతదేశం 2005లో, ఒమన్ 2012లో, సౌదీ అరేబియా 2022లో చేరాయి.

ఖాజీ పుస్తకంలో నమోదైనంత మాత్రాన పని పూర్తయినట్లు కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఆమోదించిన వివాహాల నిర్బంధ నమోదు చట్టం, 2002 ప్రకారం మతంతో నిమిత్తం లేకుండా వివాహాలన్నింటినీ నమోదు చేయించవలసి ఉంటుంది. దేశంలో ఇటువంటి చట్టం అప్పటికే ఉన్న కొద్ది రాష్ట్రాలలో ఒకటిగా ఆంధ్రప్రదేశ్‌ను సుప్రీంకోర్టు 2006 ఫిబ్రవరి 14న సీమ వర్సెస్ అశ్వనీకుమార్ కేసు తీర్పులో ప్రస్తావించింది. నమోదు పత్రం ఒక్కటే వివాహం చెల్లుబాటును నిరూపించదని, అయితే వధూవరుల వయస్సు, పిల్లల హక్కుల విషయంలో దానికి గొప్ప సాక్ష్య విలువ ఉన్నదని న్యాయస్థానం స్పష్టం చేసింది. నమోదు కాలేదన్న ఒక్క కారణంతో వివాహం చెల్లకుండా పోదన్న సంగతిని కూడా ప్రజలకు తెలియజేయడం మంచిది. ఈ భయంతోనే పలువురు ఆలస్యంగానైనా కార్యాలయానికి రావడానికి వెనుకాడుతుంటారు.

లాల్‌దర్వాజా, గౌలిపురా ప్రాంతాల హిందూ దంపతులు 1955 నాటి హిందూ వివాహ చట్టం కింద వయస్సు, నివాస ధ్రువీకరణలు, ఫోటోలు, శుభలేఖ, సాక్షులతో సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో నమోదు చేయించుకోవచ్చు. మతాంతర వివాహాలకు, కోరుకున్న ఎవరికైనా 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం వర్తిస్తుంది. ఇద్దరిలో ఒకరు కనీసం 30 రోజులుగా ఆ జిల్లాలో నివసిస్తూ ఉండాలి. నోటీసు ప్రచురించిన 30 రోజులలో అభ్యంతరాలు రాకుంటే, ముగ్గురు సాక్షుల సమక్షంలో వివాహం జరిపిస్తారు. నోటీసు ఇచ్చిన మూడు నెలలలోగా వివాహం జరగకపోతే మళ్లీ మొదటినుండి రావలసిందే.

అన్ని పత్రాలలోనూ అసలు కీలకమైన గడి వధువు వయస్సు. 1991 ఆగస్టులో హైదరాబాదు నుండి ఢిల్లీ వెళ్లే విమానంలో ఏడుస్తూ కనిపించిన పాతబస్తీ బాలికను ఒక ఎయిర్‌హోస్టెస్ గమనించి ఆరా తీయగా, సుమారు 60 ఏళ్ల సౌదీ జాతీయుడితో ఆ పసిపిల్లకు పెళ్లి జరిగిందని వెల్లడైంది. ఆ తరువాత పాతికేళ్లు గడచినా ఈ వ్యాపారం ఆగలేదు. 2017 సెప్టెంబరులో హైదరాబాదు పోలీసులు 20 మందిని అరెస్టు చేయగా, వారిలో ఒమన్, ఖతార్ దేశాలకు చెందిన ఎనిమిది మంది, ముగ్గురు ఖాజీలు ఉన్నారు. పెళ్లినాడే విడాకుల కాగితాలపై కూడా వధువు సంతకం తీసుకోవడం ఇటువంటి కాంట్రాక్టు పెళ్లిళ్లలో తరచుగా వెలుగు చూసిన పద్ధతి. చదవలేని అరబ్బీ కాగితంపై సంతకం చేసిన అమ్మాయికి తాను ఏమి వదులుకున్నదో నెలలు గడిస్తే గాని తెలియదు. వరుడు విదేశీయుడైనపుడు పాస్‌పోర్టు, వీసాతో పాటు అతని వైవాహిక స్థితిపై ఆ దేశ రాయబార కార్యాలయం పత్రాన్ని కోరడం, ప్రతి కాగితాన్నీ వధువుకు తెలిసిన భాషలో చదివి వినిపించడం అధికారుల, ఖాజీల కనీస బాధ్యత.

2007 నవంబరు 1 నుండి అమలులో ఉన్న బాల్య వివాహ నిషేధ చట్టం, 2006 ప్రకారం వధువుకు 18, వరునికి 21 ఏళ్లు నిండాలి. బాల్య వివాహం జరిపించినవారికి రెండేళ్ల వరకు కఠిన కారాగార శిక్ష, లక్ష రూపాయల వరకు జరిమానా ఉంటాయి. బాలికను బలవంతంగా, మోసంతో గాని, అమ్మివేసి గాని చేసిన పెళ్లి మొదటినుండే చెల్లదు. మిగిలిన సందర్భాలలో మైనారిటీ తీరిన రెండేళ్లలోగా రద్దు కోరవచ్చు. వ్యక్తిగత చట్టాలపై ఈ చట్టానికి ఆధిక్యం ఉన్నదా అన్న ప్రశ్నను సుప్రీంకోర్టు 2024 అక్టోబరు తీర్పులో తేల్చకుండా పార్లమెంటుకు విడిచిపెట్టింది. అయితే 18 ఏళ్లలోపు భార్యతో లైంగిక సంబంధం అత్యాచారమేనని అదే న్యాయస్థానం 2017 అక్టోబరులో ఇచ్చిన తీర్పు, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలోనూ చోటు చేసుకున్నది.

శిక్షల కంటె ప్రోత్సాహం ఎక్కువ పని చేస్తుందన్న ఆలోచనతో తెలంగాణ ప్రభుత్వం 2014 అక్టోబరు 2న షాదీ ముబారక్ పథకాన్ని ప్రారంభించింది. తొలుత రూ.51,000గా ఉన్న సాయాన్ని 2017లో రూ.75,116కు, 2018లో రూ.1,00,116కు పెంచారు. వధువుకు 18 ఏళ్లు నిండినట్లు ఆధారం లేనిదే దరఖాస్తు ముందుకు సాగదు. తహసీల్దారు కార్యాలయ విచారణలో వయస్సు పత్రానికి, నిఖానామాకు పొంతన లేక దరఖాస్తులు నిలిచిపోకుండా ఉండాలంటే, పేరులోని అక్షరాలు, పుట్టిన తేదీ రెండింటిలో ఒకే విధంగా ఉన్నవో లేవో పెళ్లికి ముందే సరిచూసుకోవాలి. 2023 అక్టోబరు 1 నుండి జన్మించినవారికి వివాహ నమోదు సహా అనేక అవసరాలకు జనన ధ్రువపత్రమే ఏకైక ఆధారం కానున్నది. అంతకు ముందు పుట్టినవారికి పాఠశాల రికార్డు వంటి ఇతర పత్రాలు ఉపకరిస్తాయి.

బాల్య వివాహ సమాచారాన్ని 1098 నంబరుకు గాని, బాల్య వివాహ నిషేధ అధికారికి గాని తెలియజేయవచ్చు. ఇటువంటి కేసులలో బాలిక పేరు, ఫోటో, చిరునామా, పాఠశాల వివరాలను పత్రికలలో గాని, టీవీలలో గాని వెల్లడించడాన్ని పోక్సో, బాలల న్యాయ చట్టాలు నిషేధించాయి.