సిగెటి వయొలిన్, బార్టోక్ పియానో

1940 ఏప్రిల్ 13. వాషింగ్టన్‌లో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ సంగీతశాల. వయొలిన్ మీద జోసెఫ్ సిగెటి, పియానో మీద బేలా బార్టోక్. ఇద్దరూ హంగరీవాళ్లు, పాత స్నేహితులు. అప్పటికి నాలుగు నెలల కిందటే బార్టోక్ తల్లి పోయింది. నాజీల నీడ ముంచుకొస్తున్నా, ఆమె బతికున్నంతకాలం దేశం విడిచి వెళ్లడానికి ఆయనకు మనసొప్పలేదు.

బీథోవెన్ ‘క్రాయిట్జర్’ సొనాటా, డెబుస్సీ సొనాటా, బార్టోక్ సొంత రచనలు రెండు: ఆనాటి కచేరీలో వాయించినవి ఇవి. డెబుస్సీది 1917 నాటిది, జబ్బుతో తీసుకుంటూ ఆయన పూర్తిచేసిన చివరి పెద్ద రచన. బీథోవెన్‌ది పాతదని సరిపెట్టుకుంటాం గానీ, 1803 మే 24న వియన్నాలో పొద్దున్నే మొదటిసారి వాయించినప్పుడు దాని సిరా సరిగ్గా ఆరనే లేదు. నకలు తీసే వ్యవధి లేక, జార్జ్ బ్రిడ్జ్‌టవర్ రెండో భాగాన్ని బీథోవెన్ చేతిరాత ప్రతిలోనే చూసి వాయించాడు. ఆఫ్రికన్ సంతతి కళాకారుడాయన. తర్వాత ఇద్దరికీ చెడింది. అంకితం రొడోల్ఫ్ క్రాయిట్జర్‌కు దక్కింది. ఆయన దాన్ని ఎన్నడూ కచేరీలో వాయించలేదంటారు. తొలిసారి వినిపించినవాడి పేరు మాత్రం రచన మీద లేకుండా పోయింది. ఎప్పుడు తలచుకున్నా నాకు కష్టంగానే ఉంటుంది.

గమకానికి అలవాటుపడిన మన చెవికి ఈ రెండు వాద్యాల జోడీ మొదట వింతగా తోస్తుంది. వయొలిన్ తీగ మీద వేలు జారితే రెండు స్వరాల నడుమ దారంతా వినిపిస్తుంది. పియానోలో ఏ మెట్టు స్వరం దానిదే, నడుమ జారడానికి చోటు లేదు. 1922లో రాసిన రెండో సొనాటాలో బార్టోక్ ఈ తేడాను దాచలేదు. వయొలిన్‌ను దాని పాట పాడనిచ్చాడు, పియానోకు దాని దరువు ఇచ్చాడు. మైనపు స్థూపాల యంత్రం పట్టుకుని ఊరూరా తిరిగి పల్లెపాటలు సేకరించిన మనిషి కదా! 1928లో రాసిన మొదటి రాప్సొడీలో పల్లె ఫిడేలువాళ్ల బాణీలే నడుస్తాయి. మొదట నింపాదిగా, తర్వాత చిందులేస్తూ సాగే ఆ రచన సిగెటికే అంకితం.

కచేరీల పని ముగించుకుని బార్టోక్ బుడాపెస్ట్ తిరిగి వెళ్లాడు. అక్టోబరులో భార్యతో కలిసి అమెరికా బయల్దేరాడు. మళ్లీ సొంతగడ్డ చూడలేదు. 1945 సెప్టెంబరులో న్యూయార్క్‌లో కన్నుమూశాడు.

ఆనాటి కచేరీ రికార్డింగు నిలిచింది. ‘క్రాయిట్జర్’ మొదట్లో వయొలిన్ కాసేపు ఒంటరిగా, నెమ్మదిగా పలుకుతుంది. ఆ తర్వాత బార్టోక్ చేతులు బదులిస్తాయి.