పంపిణీదారు లీజుదారైన వైనం

తెలుగు సినిమా చరిత్రలు పంపిణీదారును పెద్దగా పట్టించుకోలేదు. నటులకు అధ్యాయాలు, స్టూడియోలకు పేజీలు దక్కాయి; ముందుగా డబ్బు పెట్టి, సినిమాను ఊరూరికీ చేర్చి, నష్టమొస్తే మోసినవాడికి మాత్రం ఒకటి రెండు వాక్యాలు మిగిలాయి. స్వతంత్ర పంపిణీ సంస్థలు ఎందుకు చితికిపోయాయని అడిగితే జవాబు సిద్ధంగా ఉంటుంది: హీరోల పారితోషికాలు పెరిగాయి, ఇళ్లలోకి వీడియో, టీవీ వచ్చాయి. ఇది అబద్ధం కాదు. కాకపోతే ఈ రెండూ దేశమంతటా వచ్చినవే. మన దగ్గర పంపిణీదారు థియేటర్ల లీజుదారుగా ఎందుకు మారాడన్నదానికి ఈ జవాబు చాలదు. దానికి మూలం 1984లో అమల్లోకి వచ్చిన ఒక పన్ను పద్ధతిలో ఉందని నా వాదన.

తొలి దశ అందరికీ తెలిసిందే. రఘుపతి వెంకయ్య మద్రాసులో సినిమా హాళ్లు కట్టాడు. టాకీలొచ్చాక 'సావిత్రి' (1933), 'లవకుశ' (1934) కలకత్తాలో ఈస్టిండియా ఫిల్మ్ కంపెనీ పెట్టుబడితో తయారయ్యాయి. అంటే తెలుగు బొమ్మకు డబ్బు బయటి నుంచే వచ్చేది. నిజాం రాజ్యంలో వ్యవహారం ఇంకో రకం. ధీరేన్ గంగూలీ 1922లో హైదరాబాదులో లోటస్ ఫిల్మ్ కంపెనీ పెట్టి సినిమాలు తీశాడు. 1924లో 'రజియా బేగం' చూపించినందుకు రాజ్యం విడిచి వెళ్లాలని ప్రభుత్వం ఆజ్ఞాపించింది. ఆ సినిమా ఆయన తీసినది కాదు, బొంబాయిలో తయారైనది. తీసిన బొమ్మలకు ఏమీ కాలేదు గానీ తెచ్చి ఆడించిన బొమ్మ కొంప ముంచిందన్నమాట.

ఆ రాజ్యానికి సొంత నాణెం హాలీ సిక్కా ఉండేది, సరిహద్దులో కరోడ్‌గిరి సుంకం ఉండేది. కాబట్టి సినిమా హక్కులను 'నైజాం' పేరుతో విడిగా అమ్మడం వ్యాపారులకు తప్పనిసరి అయింది. 1956లో రెండు ప్రాంతాలూ ఒకే రాష్ట్రమయ్యాక తెలుగు సినిమాకు తెలంగాణ మార్కెట్ తెరుచుకుందని మామూలుగా రాస్తుంటారు. పంపిణీ పటం చూస్తే అలా అనిపించదు. హైదరాబాదు-విజయవాడ రహదారి చిట్యాల, నార్కట్‌పల్లి, నకిరేకల్, సూర్యాపేట దాటి కోదాడ చేరుతుంది. కోదాడకు హైదరాబాదు కన్నా విజయవాడే దగ్గర. అయినా కోదాడ నైజాం ఏరియా, పక్కనే ఉన్న జగ్గయ్యపేట ఆంధ్ర ఏరియా. దూరం ప్రకారం కాక పాత సరిహద్దు ప్రకారమే ప్రింటు పెట్టె నడిచింది. రాష్ట్రాలు కలిసినా, మళ్లీ విడిపోయినా ఒప్పంద పత్రాల్లో ఆ గీత చెరగలేదు. మార్కెట్‌ను రాజకీయ విలీనం తెరవలేదు. అడ్వాన్సు ఇచ్చి, హాళ్లతో ఖాతాలు నడిపిన పంపిణీ సంస్థలు తెరిచాయి.

అలాంటి సంస్థల్లో పెద్ద పేరు నవయుగ ఫిలిమ్స్‌ది. విజయవాడ కేంద్రంగా కాట్రగడ్డ శ్రీనివాసరావు నడిపిన ఈ సంస్థ అన్నపూర్ణా వారి 'దొంగరాముడు' (1955) సహా ఎన్నో సినిమాలు విడుదల చేసింది. దాని వెనకున్న వామపక్ష అభిమానం గురించి రాసినంతగా దాని లెక్కల పుస్తకం గురించి ఎవరూ రాయలేదు. నిర్మాత కథతో, తారాగణంతో వస్తే పంపిణీదారు షూటింగ్ సాగేకొద్దీ విడతలుగా అడ్వాన్సు ఇచ్చేవాడు. విడుదలయ్యాక కమీషన్‌తో పాటు దాన్ని రాబట్టుకునేవాడు. కాబట్టి ఏ బొమ్మ తీయాలన్నదాంట్లో అతనికి సగం మాట ఉండేది. పెద్ద సెంటర్లలో వసూళ్ల మీద పర్సంటేజీ. చిన్న ఊళ్లకు బొమ్మ ఆలస్యంగా, అరిగిన ప్రింటుతో, నికరమైన హైర్ మీద వెళ్లేది. టికెట్లు సరిగ్గా తెగుతున్నాయో లేదో చూడటానికి సంస్థ తరఫున ఒక రిప్రజెంటేటివ్ బుకింగ్ దగ్గర కూర్చునేవాడు. నెమ్మదిగా, నెలల తరబడి పాకుతూ డబ్బు తెచ్చే పద్ధతి అది. మొదటి వారం తేలిపోయిన బొమ్మ నాలుగో వారానికి పుంజుకోవడానికి అందులో వీలుండేది.

1984 జనవరి నుంచి ఈ వీలు తగ్గింది. అంతకుముందు వినోద పన్ను అమ్ముడైన టికెట్ మీద ఉండేది. ఎన్.టి. రామారావు ప్రభుత్వ కాలంలో చట్టాన్ని సవరించి, హాలు మొత్తం నిండితే ఎంత వస్తుందో లెక్కగట్టి, ఆ కెపాసిటీలో ఊరి స్థాయిని బట్టి ఇంత శాతమని ప్రతి ఆటకూ పన్ను వేశారు. చిన్న ఊళ్లకు వారానికి ఇంతని కట్టే ఏర్పాటుండేది. దీనికే వాడుకలో శ్లాబ్ సిస్టమ్ అని పేరు. లెక్క సులువే. హాలు నిండితే వెయ్యి రూపాయలొస్తాయనుకుందాం. వానపడిన మంగళవారం రెండో ఆటకి నూట యాభయ్యే వసూలైతే, పాత పద్ధతిలో పన్ను ఆ నూట యాభైలోంచే పోయేది. కొత్త పద్ధతిలో వెయ్యి మీద కట్టాలి. ఖాళీ హాలుకూ నిండిన హాలుకూ ఒకే పన్ను న్యాయమా అని థియేటర్లవాళ్లు కోర్టుకెక్కారు. 1993లో వెంకటేశ్వర థియేటర్ కేసులో సుప్రీంకోర్టు ఆ చట్టం చెల్లుతుందని తీర్పిచ్చింది.

చట్టం చెల్లినా భారం ఎక్కడికీ పోలేదు. పన్ను ప్రతి ఆటకూ కట్టి తీరాల్సిన ఖర్చు అయ్యాక, మెల్లగా ఆడే బొమ్మను నాలుగో వారం దాకా ఉంచే ఓపిక హాలు యజమానికి ఉండదు. వసూళ్లలో వాటా కన్నా వారానికి ఇంతని అద్దె వస్తే అతనికి నిశ్చింత. ఆ అద్దెకు పూచీ పడగలవాడు ఎవడు? ఏడాది పొడవునా హాలుకి సరిపడా బొమ్మలు చేతిలో ఉన్నవాడే. అలా హైర్ పుచ్చుకునే పంపిణీదారు అద్దె కట్టేవాడయ్యాడు, తర్వాత హాలునే లీజుకి తీసుకున్నాడు. అద్దె కట్టాక మొదటి వారంలోనే రాబట్టుకోవాలి. దానికి ఎక్కువ ప్రింట్లు, ఒకేసారి ఎక్కువ ఊళ్లు, మొదటి రోజే జనాన్ని లాగే హీరో కావాలి. పారితోషికాలు ఈ మార్పుకు కారణమని అంటుంటారు. నాకు అవి సగానికి సగం దీని ఫలితమే అనిపిస్తాయి.

దీనికి గట్టి అభ్యంతరాలున్నాయి. శ్లాబ్ తర్వాత చిన్న ఊళ్లలో హాళ్లు పెరిగాయని, దొంగ లెక్కలు తగ్గాయని, నిండిన ఆటల మీద యజమానికి లాభం మిగిలిందని అంటారు. ఇవి ఒప్పుకోవాల్సినవే, హాలు యజమానికి అది మేలే చేసి ఉండొచ్చు. నేను చెప్పేది పంపిణీదారు సంగతి. టీవీ మాటకొస్తే, వీడియో క్యాసెట్టు అన్ని రాష్ట్రాలకూ వచ్చింది గానీ థియేటర్లు కొద్దిమంది చేతిలో పోగుపడటం అన్నిచోట్లా ఇంతగా జరగలేదు. పైగా టీవీ పంపిణీదారుకి శత్రువే అయి తీరాలని లేదు: రామోజీరావు ఒకపక్క ఉషాకిరణ్ మూవీస్, మయూరి పంపిణీ సంస్థ నడిపారు, 1995లో ఈటీవీ పెట్టారు. పాత బొమ్మకు విలువ ఉందని తెలిసినవాడు దాన్ని హాలు దాటించి బుల్లితెర మీదికి తీసుకెళ్లగలిగాడు. మార్పు 1984 మర్నాడే వచ్చిందనీ అనను. పదేళ్లకు పైగా పట్టింది, అందుకే దాని మూలం కంటికి ఆనలేదు.

నైజాంలో తర్వాతి తరానికి ప్రతినిధి దిల్ రాజు. నిజామాబాద్ జిల్లా నుంచి వచ్చి, 1990ల చివర పంపిణీతో మొదలై, 2003లో 'దిల్'తో నిర్మాతయ్యారు. ఈ ఏరియాకు తెలంగాణ వ్యాపారి పెద్ద దిక్కవడం మంచి పరిణామమే. కానీ పంపిణీ, నిర్మాణం, థియేటర్ల లీజు ఒకే చేతిలో ఉంటే స్వతంత్ర పంపిణీదారు అనే మాటకు అర్థం మిగలదు. థియేటర్లన్నీ 'ఆ నలుగురి' చేతిలో ఉన్నాయన్న ఆరోపణ ఎంత నలిగిందంటే, 2025 మే నెలలో నిర్మాత అల్లు అరవింద్ తాను వాళ్లలో లేనని ప్రెస్‌మీట్ పెట్టి చెప్పుకోవాల్సి వచ్చింది. ఆరోపణలో అతిశయోక్తి ఉండొచ్చు. వ్యక్తుల మీద కోపం పెంచుకోవడం కన్నా, ఆ లీజులకు దారితీసిన లెక్క చూడటం మేలు.

2017లో జీఎస్టీ వచ్చి వినోద పన్ను పోయింది, పన్ను మళ్లీ అమ్మిన టికెట్ మీదికి వచ్చింది. అద్దె పద్ధతి మాత్రం పోలేదు. 2024 మేలో తెలంగాణలో సింగిల్ స్క్రీన్లు జనం లేక పది రోజుల పాటు మూతపడ్డాయి. మరుసటేడు ఎగ్జిబిటర్లు అద్దె వద్దు, పర్సంటేజీ కావాలని, లేకుంటే జూన్ 1 నుంచి బంద్ అని ప్రకటించి, తర్వాత వెనక్కి తగ్గారు. నలభై ఏళ్ల కింద వదులుకున్నదాన్నే వాళ్లు అడిగారు, అది సబబే. కాకపోతే ఆ చర్చంతా హాలు యజమానికెంత, నిర్మాతకెంత అన్న దగ్గరే ఆగింది. తెలంగాణ సాయుధ పోరాటాన్ని తెరకెక్కించిన 'మా భూమి' 1980లో విడుదలై, హైదరాబాదులో ఉదయపు ఆటలుగా చాలాకాలం నడిచింది. అలాంటి బొమ్మను ఇవాళ నల్గొండలో నాలుగో వారం దాకా ఆడించడానికి అడ్వాన్సు ఎవరు పెడతారన్న ప్రశ్న మాత్రం ఆ డిమాండ్లలో ఎక్కడా లేదు.