కొండమెట్లూ వాననీళ్లూ: తిరుమల నడకదారుల చరిత్ర

ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర విషయం రాసి ఇవ్వవలసిందని మన సంఘ కార్యదర్శిగారు కోరారు. రాజ్యాల గురించీ, యుద్ధాల గురించీ రాయగల విజ్ఞులు మన సభ్యులలోనే ఉన్నారు. నేను ఉద్యోగ జీవితమంతా దారుల మరమ్మతుల ఫైళ్ల మధ్య గుమాస్తాగా గడిపినవాణ్ణి. కనుక నాకు చేతనైన దారుల చరిత్రే రాస్తాను. అదీ మనలో చాలామంది కాళ్లతో కొలిచిన దారి, తిరుమల కొండ నడకదారి.

ఈ వ్యాసంలో చెప్పదలచుకున్నది ఒక్కటే మాట. దారి వేసినవారి పేర్లు శాసనాలకెక్కాయి, దారిని నిలబెట్టినవారి పేర్లు ఎక్కడా లేవు. కానీ వానలు కురిసే కొండమీద, అడవి నడుమ, దారి వేయడం ఒక వంతయితే దాన్ని ఏటేటా నిలబెట్టడం తొమ్మిది వంతులు.

తిరుమలకు వాడుకలో ఉన్న నడకదారులు రెండు. ఒకటి అలిపిరి నుంచి బయలుదేరి గాలిగోపురం మీదుగా వెళ్లేది. సుమారు 9 కిలోమీటర్ల దూరం, 3,550 మెట్లు. రెండవది శ్రీనివాస మంగాపురం వైపు నుంచి ఎక్కే శ్రీవారి మెట్టు. సుమారు 2.1 కిలోమీటర్లు, 2,388 మెట్లు. కొండ అదే, ఎత్తూ ఇంచుమించు అంతే. ఒక దారి ఆ ఎత్తును తొమ్మిది కిలోమీటర్లలో నెమ్మదిగా ఎక్కితే, మరొకటి రెండు కిలోమీటర్లలో నిట్టనిలువుగా ఎక్కుతుంది. ఈ తేడాను పాఠకులు గుర్తుపెట్టుకోవాలి. ముందు ముందు అవసరం పడుతుంది.

ఈ దారులు ఎప్పటివి? 1408లో పుట్టిన తాళ్లపాక అన్నమాచార్యులు బాలుడిగా కొండ ఎక్కుతూ మోకాళ్లమిట్ట దగ్గర అలసి పడిపోయాడనీ, అక్కడ అలమేలుమంగ దర్శనమిచ్చిందనీ కథ. అదే చోట రామానుజులవారు మోకాళ్లమీద ఎక్కారని ప్రతీతి. కథల మాట ఎలా ఉన్నా, అటువైపు జనం కాలినడకన ఎక్కడం చాలా పాతదని మాత్రం వీటివల్ల తెలుస్తుంది. శ్రీకృష్ణదేవరాయలు 1513 నుంచి 1521 లోపల ఏడు పర్యాయాలు స్వామి దర్శనానికి వచ్చాడని శాసనాలు చెబుతున్నాయి. ఆయన చంద్రగిరి కోటలో విడిది చేసి శ్రీవారి మెట్టు మీదుగానే ఎక్కేవాడని అక్కడివారు నేటికీ చెప్పుకుంటారు. అలిపిరి వైపు సోపానాలు కట్టించిన కీర్తి సిద్ధవటం ఏలిన మట్లి అనంతరాజుకు దక్కింది.

మెట్లు ఎందుకు కట్టారు? ఎక్కేవారి సౌకర్యానికి, పుణ్యానికి అని అందరికీ తెలిసిందే. ఇంకొక కారణం కూడా ఉంది. ఏటవాలు కొండమీద మట్టిదారి ఉంటే, పదిమంది నడిచేసరికి అక్కడ గడ్డి చచ్చి నేల గట్టిపడుతుంది, నడుమ పల్లం పడుతుంది. వాన కురవగానే కొండనీరు ఆ పల్లంలోకి దిగి, మనిషి నడిచిన దారినే తానూ నడుస్తుంది. మొదటి ఏడు మట్టి పోతుంది, రెండవ ఏడు గులకరాళ్లు పోతాయి, మూడవ ఏటికి అది దారి కాదు, వాగు. అప్పుడు జనం ఆ గండిని తప్పించుకుని పక్కన ఇంకొక దారి తొక్కుతారు. అదీ అంతే అవుతుంది. రాతిమెట్టు ఈ వరుసను ఆపుతుంది. పైనుంచి ఉరుకుతూ వచ్చే నీటి వేగాన్ని మెట్టు మెట్టుకూ విరిచి కిందికి పంపుతుంది.

అయితే మెట్టు ఒక్కటే చాలదు. నీటికి పక్కకు పోయే దారి కూడా చూపాలి. మెట్టు కొద్దిగా ఓరకు వాలాలి. పక్కన కాలువ ఉండాలి. వాగు అడ్డం వచ్చిన చోట తూము ఉండాలి. ఈ మూడూ లేకపోతే నీరు రాతి కిందికి చొరబడి మట్టిని తోడుకుపోతుంది. పైకి చూస్తే మెట్టు బాగానే ఉంటుంది, కింద గుల్ల. కొండదారులు వేసే ఇంజనీర్లు ఈనాడు పాటించే సూత్రం కూడా ఇదే. కొండ వాలు ఎంత ఉందో, దారి వాలు అందులో సగానికి మించకూడదంటారు. అప్పుడు నీరు దారి వెంబడి పరుగెత్తకుండా దారిని అడ్డంగా దాటి పోతుంది. అలిపిరి దారిలో చాలా భాగం చుట్టు తిరిగి సమంగా సాగడం నడిచేవారికే కాదు, దారికీ మేలు.

1944 ఏప్రిల్ 10వ తేదీన మద్రాసు గవర్నరు ఆర్థర్ హోప్ మొదటి ఘాట్ రోడ్డును ప్రారంభించారు. రెండవ ఘాట్ రోడ్డు 1974లో వచ్చింది. 1944కు పూర్వం ధనికుడైనా పేదయినా మెట్లదారినే కొండ చేరాలి. నడవలేనివారిని డోలీల్లో మోసేవారు. రోడ్డు పడ్డాక నడక అన్నది అవసరం నుంచి మొక్కుగా మారింది. మొక్కుబడి దారికి భక్తి మిగులుతుంది కానీ, అందరికీ రోజూ కావలసిన దారికి దొరికే శ్రద్ధ దొరకడం కష్టం. అలాంటిది ఈ దారి ఇన్నాళ్లు నిలిచిందంటే తెల్లవారుజామున పార, గంప పట్టుకుని కాలువలు తీసిన కూలీల చలవే అనుకోవాలి.

ఈ కొండ స్వభావం కూడా కొంత తెలుసుకోవాలి. ఘాట్ రోడ్డు పక్కన రాతిపొరల్లో ఒక విచిత్రం ఉంది. కింద పురాతనమైన గ్రానైటు, దానిపైన క్వార్ట్‌జైటు. ఈ రెండింటి నడుమ సుమారు 80 కోట్ల ఏళ్ల కాలం గల్లంతయిందని భూగర్భ శాస్త్రజ్ఞులు లెక్కగట్టారు. దీన్ని జాతీయ భూవిజ్ఞాన స్మారకంగా కూడా గుర్తించారు. పైనున్న క్వార్ట్‌జైటు రాయి గట్టిదే కానీ దాని నిండా బీటలు. ఆ బీటల్లోకి వాననీరు దిగితే బండలు సడలి జారతాయి. ఈ కొండమీద దారికి ముప్పు కాళ్ల కింది నుంచే కాదు, తల పైనుంచి కూడా ఉంది.

1989లో ఈ శేషాచలం అడవిలో 350 చదరపు కిలోమీటర్లకు పైబడిన భాగాన్ని శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానవనంగా ప్రకటించారు. 2010లో శేషాచలం కొండలు జీవావరణ రిజర్వుగా గుర్తింపు పొందాయి. ఎర్రచందనం, బంగారు బల్లి, దేవాంగపిల్లి, చిరుతపులి ఇక్కడి నివాసులు. దీనితో నడకదారి అడవి గుండా పోయే అతిథి అయింది. నడిచేవాడికి సౌకర్యం కావాలి, అడవికి ప్రశాంతత కావాలి. ఒకరి కోసం చేసేది మరొకరికి చేటు కాకూడదు.

ఇక 2021వ సంవత్సరం. అలిపిరి దారి పైకప్పులను కొత్తగా నిర్మించి అక్టోబరులో తిరిగి ప్రారంభించారు. నెల తిరిగిందో లేదో బంగాళాఖాతంలో వాయుగుండం ఏర్పడి, నవంబరు 19 తెల్లవారుజామున చెన్నైకి చేరువలో తీరం దాటింది. దానికి ముందు రోజు నుంచే శేషాచలం మీద కుంభవృష్టి. తిరుపతి వీధులు ఏరులయ్యాయి. అటు చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి ఊళ్లకు ఊళ్లు నష్టపోయాయి. కొండమీద నడకదారులు రెండూ మూసివేయవలసి వచ్చింది. అన్నిటికంటె ఎక్కువ దెబ్బ తిన్నది శ్రీవారి మెట్టు. మొదట గుర్తుపెట్టుకొమ్మన్న తేడా ఇక్కడ పనికొస్తుంది. నిట్టనిలువు దారిలో నీటికి వేగం ఎక్కువ, పక్కకు మళ్లించే చోటు తక్కువ. బండరాళ్లు, బురద మెట్లమీదికి వచ్చి పడ్డాయి, కొన్నిచోట్ల మెట్లే కొట్టుకుపోయాయి. డిసెంబరు 1న ఘాట్ రోడ్డు మీద పెద్ద బండ విరిగి పడింది. శ్రీవారి మెట్టు తిరిగి తెరుచుకున్నది 2022 మే నెలలో. ఒకటి రెండు రోజుల వాన చేసిన పనిని సరిచేయడానికి దాదాపు ఆరు నెలలు పట్టింది.

ఇది మన ఒక్కరి అనుభవం కాదు. అట్లాంటిక్ సముద్రంలో ప్యూర్టోరికో అనే దీవి ఉంది. అక్కడి ఎల్ యుంకే అనే వర్షారణ్యంలో 1930లలో నిరుద్యోగ యువకులకు పని కల్పించే పథకం కింద నడకదారులు, రాతికట్టడాలు కట్టారు. 2017 సెప్టెంబరులో మరియా తుఫాను వచ్చి చెట్లను కూల్చి, కొండచరియలు జార్చి ఆ దారులను మూసేసింది. వాటిని ఒక్కొక్కటిగా తెరవడానికి ఏళ్లు పట్టింది. దీవి ఏదైనా, కొండ ఏదైనా వాననీటి లెక్క ఒకటే.

నీటి తర్వాత చెప్పవలసింది అడవి మృగాల సంగతి. 2023 జూన్‌లో అలిపిరి దారిలో మూడేళ్ల బాలుణ్ణి చిరుత పట్టుకుపోతే దైవికంగా ప్రాణం దక్కింది. ఆగస్టులో మాత్రం ఆరేళ్ల పాప బలైపోయింది. మనవలూ మనవరాళ్లూ ఉన్న మన ఈడువాళ్లం ఆ వార్త చదివి ఎలా ఉండగలం? ఆ తర్వాత చిరుతలను బోనుల్లో పట్టారు, మధ్యాహ్నం 2 గంటలు దాటాక పిల్లలను దారిలోకి పంపడం ఆపారు, గుంపులుగా నడవమన్నారు, చేతికర్రలు ఇచ్చారు. ఇవన్నీ అవసరమే. అయితే దారి పక్కన పారేసిన తిండి కోసం కుక్కలు, పందులు, కోతులు చేరతాయి. కుక్కలూ పందులూ ఉన్నచోటికి చిరుత వెతుక్కుంటూ వస్తుంది. దారిని శుభ్రంగా ఉంచడం కేవలం అందానికి కాదు, ప్రాణరక్షణకు.

దారికి విశ్రాంతి ఇవ్వడం అనే పద్ధతి మన పెద్దలకు తెలుసు. తిరుమల పైన అడవి లోపల రామకృష్ణ తీర్థం, కుమారధార, తుంబురు తీర్థం ఉన్నాయి. వాటికి మెట్లు లేవు, రాళ్లూ వేర్ల మీదుగా కాలిబాటే. జనం వెళ్లేది ఏటా ముక్కోటి నాడు, పుష్య, మాఘ, ఫాల్గుణ పౌర్ణములలో ఒక్కొక్కదానికి. మిగతా ఏడాదంతా ఆ బాటమీద గడ్డి మొలుస్తుంది, ఆకులు రాలి నేలను కప్పుతాయి, మృగాలు తమ దారిన తాము తిరుగుతాయి. పైగా ఆ మూడు పౌర్ణములూ వానలు వెనకబట్టిన తర్వాతే వస్తాయి. శ్రీశైలానికి నల్లమల గుండా నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను మీదుగా పోయే దారిదీ ఇదే తీరు. ప్రోలయ వేమారెడ్డి 14వ శతాబ్దంలో శ్రీశైలానికీ అహోబిలానికీ మెట్లు కట్టించినట్టు చరిత్ర చెబుతోంది. ఇప్పుడు పులుల అభయారణ్యంలో ఉన్న ఆ దారిలో యాత్రికుల సందడి శివరాత్రికీ ఉగాదికీ. అదీ ఎండ రోజుల్లోనే. దీన్ని భక్తి అనండి, తెలివి అనండి, అడవికి మాత్రం అది ఊపిరి.

రోజూ వేలమంది ఎక్కే అలిపిరి దారికి ఏడాది పొడుగునా విశ్రాంతి ఇవ్వడం సాధ్యం కాదు. కానీ వాన హెచ్చరిక వచ్చిన రోజున మూసివేయడం సాధ్యమే. 2024 అక్టోబరులో భారీ వర్షసూచన రాగానే శ్రీవారి మెట్టును ముందుగానే మూసివేశారు. ఆ రోజు వెనుదిరిగిన యాత్రికులకు కష్టమే కలిగి ఉంటుంది. అయినా వానకు ముందు మూసిన దారి వాన వెలిశాక తెరుచుకుంటుంది. వానలో మనుషులను పంపిన దారి ఎప్పుడు తెరుచుకునేదీ చెప్పలేం.

ఇక గుమాస్తాగా నా అనుభవంలోని మాట ఒకటి. మన కార్యాలయాల్లో కొత్త పనికి శంకుస్థాపన ఉంటుంది, శిలాఫలకం ఉంటుంది, ఫొటో ఉంటుంది. కాలువ పూడిక తీసే పనికి ఉండేది ఎస్టిమేటులో ఒక్క వరుస. నిధులు చాలకపోతే మొదట కొట్టేసేదీ ఆ వరుసే. ఎందుకంటే దాన్ని కొట్టేసిన ఏడాది ఎవరికీ ఏమీ కనిపించదు. కనిపించేది మూడో ఏట వచ్చే పెద్దవానలో. అప్పుడు అయ్యే ఖర్చు ముందు మిగిల్చినదానికి ఎన్నో రెట్లు.

ఇందులో ఇంకొక చిక్కు ఉంది. వానకు ముందు మరమ్మతులంటే మనకు మే నెల గుర్తొస్తుంది. నైరుతి వానల లెక్క ప్రకారం అది సరే. కానీ శేషాచలానికి అసలు ముప్పు ఈశాన్య రుతుపవనాలది, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. మే నెలలో తీసిన కాలువ సెప్టెంబరు నాటికి ఆకులతో, మట్టితో మళ్లీ పూడి ఉంటుంది. కనుక ఈ ప్రాంతంలో కొండదారి కాలువలను, తూములను బతుకమ్మ, దసరా పండుగలకు ముందే ఇంకొకసారి శుభ్రం చేసి తీరాలి. రెండో విడత ఖర్చు అనవసరమని ఎవరైనా రాస్తే, 2021 నవంబరును గుర్తు చేయాలి. పైకప్పులు వేసిన చోట కూడా ఇదే మాట. కప్పు మనిషిని తడవకుండా కాపాడుతుంది కానీ, ఆ కప్పు మీద పడిన వానంతా అంచున ధారగా దిగుతుంది. అక్కడ కాలువ లేకపోతే కప్పే మెట్టుకు శత్రువవుతుంది.

చివరగా సభ్య మిత్రులకు మనవి. మనలో మోకాళ్లు సహకరించేవారు ఇంకా ఏటా కొండ ఎక్కుతూనే ఉన్నారు. మెట్లు విడిచి అడ్డదారులు తొక్కవద్దు, ఆ అడ్డదారే రేపటి గండి. తిండి పొట్లాలు, సీసాలు పారవేయవద్దు. పూడిన కాలువ గానీ, కదిలిన మెట్టు గానీ కంటబడితే ఎక్కడ ఉందో గుర్తు రాసుకుని, సంబంధిత అధికారులకు ఒక్క అర్జీ పెట్టండి. అర్జీ రాయడం మనకు ఒకరు నేర్పనక్కరలేదు కదా! మట్లి రాజుకు కట్టించిన కీర్తి ఉంది. కాపాడిన కీర్తి ఎవరికీ రాకపోయినా ఫరవాలేదు. మన మనవలు ఎక్కే నాటికి ఆ మెట్లు ఉంటే చాలు.