కారణం చెప్పని యంత్రం

మన కచేరీల్లో గుమాస్తా కాగితం తిప్పికొడితే, "ఎందుకండీ?" అని అడగొచ్చు. కసురుకుంటూనైనా ఏదో ఒకటి చెబుతాడు. ఆ పాటి జవాబైనా దక్కని తల్లుల కథ నెదర్లాండ్స్‌ది.

అక్కడ ఉద్యోగాలు చేసుకునే తల్లిదండ్రులకు, పిల్లల్ని శిశు సంరక్షణ కేంద్రంలో ఉంచే ఖర్చులో కొంత సర్కారే భరిస్తుంది. దొంగ దరఖాస్తులు పట్టుకోవాలని 2013లో పన్నుల శాఖవారు కృత్రిమ మేధను కొలువులో పెట్టారు. అది తనంతట తానే నేర్చుకుంటూ ఒక్కో దరఖాస్తుకూ అనుమానపు మార్కులు వేసేది. పరదేశపు పౌరులైతే మార్కులు పెరిగేవి, చూశారా! ఎక్కువ మార్కులొచ్చిన కాగితం ఉద్యోగి బల్లమీదికి చేరేది. ఎందుకు అనుమానమో మాత్రం ఆయనకూ తెలియదు.

చట్టమూ కఠినమైనదే. సంతకం ఒకటి లేకపోయినా ఇచ్చిన సొమ్మంతా తిరిగి కట్టమనేవారు. వేలాది సంసారాలు అప్పులపాలయ్యాయి. ఇది మునుపెన్నడూ లేని అన్యాయమని 2020 డిసెంబరులో పార్లమెంటు సంఘం తేల్చింది. 2021 జనవరి 15న రుట్టే మంత్రివర్గం రాజీనామా చేసింది.

క్యూలో నిలబడే బాధ తప్పిస్తే యంత్రానికి నేనూ దణ్ణం పెడతాను. కానీ "ఎందుకు?" అని తల్లి అడిగితే, జవాబు చెప్పడానికి మనిషి ఉండొద్దూ?