ప్రతిబల సాంద్రీకరణము: బెంగుళూరు పరిశోధనలు

యంత్రభాగములందును కట్టడములందును రంధ్రము, గాడి, పదునైన మూల మున్నగు ఆకారభేదములు గల చోట్ల ప్రతిబలము చుట్టుపట్ల కంటె అనేక రెట్లు హెచ్చుటకు ప్రతిబల సాంద్రీకరణమని పేరు. విశాలమైన పలకను ఒక దిశలో లాగినపుడు, దానియందలి చిన్న గుండ్రని రంధ్రపు అంచున, లాగిన దిశకు లంబముగా నుండు రెండు చోట్ల ప్రతిబలము 3 రెట్లగునని కిర్ష్ అను జర్మను ఇంజనీరు 1898లో గణించి చూపెను. రంధ్రము ఎంత చిన్నదైనను ఈ గుణకము తగ్గకపోవుట గమనింపదగినది. దీర్ఘవృత్తాకారపు రంధ్రము లాగుడునకు అడ్డముగా సాగి సన్నబడినకొలది గుణకము హద్దు లేక పెరుగునని 1913లో ఇంగ్లిస్ నిరూపించుటతో బీటల శాస్త్రమునకు బీజము పడెను.

1954లో రెండు కామెట్ విమానములు మధ్యధరా సముద్రమున కూలిన పిమ్మట, పీడనము మరల మరల ఎక్కి దిగుటచే రంధ్రముల అంచులందు పుట్టిన లోహశ్రాంతియే కారణమని తేలగా, ఈ విషయము గణితజ్ఞుల పత్రములనుండి విమాననిర్మాతల బల్లలమీదికి వచ్చెను.

భారతదేశమున ఈ శాస్త్రము బెంగుళూరునందు వేళ్లూనుట సహజమే. 1940లో అచ్చట హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ కర్మాగారము వెలసెను. 1942లో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్సునందు విమానశాస్త్ర శాఖ ఏర్పడెను. 1959లో స్థాపితమైన జాతీయ విమానశాస్త్ర ప్రయోగశాల కూడ ఆ నగరమునకే చేరెను. ఈ ప్రయోగశాలకు 1965 మొదలు 1984 వరకు నిర్దేశకుడుగా నుండిన తెలుగు శాస్త్రజ్ఞుడు వల్లూరి సీతారామరావు, అంతకుముందే కాలిఫోర్నియాలో లోహశ్రాంతిపై పరిశోధించి, 1961లో ఒక ఏకీకృత సిద్ధాంతమును ప్రకటించియుండెను. ఇన్‌స్టిట్యూట్ యాంత్రిక శాఖలో ఎల్.ఎస్. శ్రీనాథ్ కాంతిసాయమున ప్రతిబలములను కొలుచు విద్యను పెంపొందించెను. రెసిన్‌తో చేసిన నమూనాను బరువు క్రింద వేడిచేసి, మెల్లగా చల్లార్చి, ముక్కలుగా కోసి చూచుట పాతపద్ధతి; నమూనాను కోయకయే, సన్నని కాంతిరేఖను దాని గర్భమునకు పంపి, చెదరి వెలువడు వెలుగును బట్టి లోపలి ప్రతిబలమును చదువుట ఆయన పుస్తకరూపమున 1983లో వివరించిన పద్ధతి.

అయినను బెంగుళూరు కృషిలో నా దృష్టికి మిక్కిలి విలువైనది, ఖాళీ రంధ్రమును వదలి, పిన్ను దూర్చిన రంధ్రమును పట్టించుకొనుట. విమానపు అతుకులందు రంధ్రములు ఊరక ఉండవు. వానియందు రివెట్టో బోల్టో బిగిసియుండును. రంధ్రముకంటె రవంత లావైన పిన్నును బలవంతముగ దిగగొట్టినచో, బరువు తక్కువగ నున్నంతవరకు పిన్ను చుట్టును అంచు నంటియుండును; ఒక హద్దు దాటగనే వెనుకవైపున ఎడము విచ్చి, బరువుతోపాటు వ్యాపించును. పిన్ను ఎంతమేర అంటియున్నదో ముందుగా తెలియదు గనుక, లోహము సరళనియమమునకు లోబడియున్నను సమస్య సరళము కాదు. ఈ చిక్కును ఇన్‌స్టిట్యూట్ విమానశాస్త్ర శాఖకు చెందిన ఎ.కె. రావు తలక్రిందులుగా పట్టుకొనెను: బరువు నిచ్చి ఎడమును వెదకుటకు మారుగా, ఎడము ఇంతయని ముందే నిర్ణయించి, అందుకు కావలసిన బరువును గణించెను. అంతట ప్రతి మెట్టును సరళసమస్యయే అయ్యెను. ఈ మార్గమును వివరించు ఆయన వ్యాసము 1978లో వెలువడెను. పరిమిత మూలక పద్ధతితో బి. దత్తగురు, పి.డి. మంగళగిరి మున్నగువారు ఆయనతో కలసి దానిని విస్తరించిరి.

ఈ గణనలలో ఒక సొగసైన ఫలితము తేలినది. పిన్ను, రంధ్రము సరిగా సమానమై, ఘర్షణ లేనిచో, బరువు ఎంత స్వల్పమైనను ఎంత హెచ్చైనను అంటియుండు మేర మారదు. బిగువుగా దిగిన పిన్నువలన రంధ్రపు అంచున సగటు ప్రతిబలము పెరిగినను, బరువు మారునపుడు కలుగు హెచ్చుతగ్గులు అణగును. లోహశ్రాంతికి ఆ హెచ్చుతగ్గులే ప్రధానహేతువులు గావున అతుకు ఆయుష్షు పెరుగును. వదులుగా దూర్చిన పిన్నునకు ఈ లాభము లేదు.

కావున అతుకులను రూపకల్పన చేయువారు ఖాళీ రంధ్రమునకు చెప్పిన 3 అను గుణకమును పిన్ను గల రంధ్రమునకు అట్లే వాడరాదు. బిగువెంతో, బరువెంతో తెలిసికొని గాని గుణకమును నిర్ణయింపరాదు.