ఏడడుగుల గట్టు

బర్మింగ్‌హామ్ కాలువల వెంట నడవాలనుకునేవాళ్లు గ్యాస్ స్ట్రీట్ బేసిన్ దగ్గర మొదలుపెడితే కథ తేలిగ్గా అర్థమవుతుంది. ఇంగ్లండ్‌లోని ఈ పెద్ద నగరం నడిబొడ్డున ఉన్న పాత పడవల రేవు ఇది. నగరంలో మొదట గ్యాసు దీపాలు వెలిగిన వీధి పక్కన ఉండబట్టి ఆ పేరు వచ్చింది. ఇప్పుడు చుట్టూ హోటళ్లు, కాఫీ బల్లలు, రంగురంగుల పడవ ఇళ్లు ఉన్నాయి. రేవు మధ్యలో మాత్రం ఏడడుగుల వెడల్పున ఒక గట్టు అడ్డంగా సాగుతుంది. అటు ఒక కాలువ, ఇటు ఇంకో కాలువ. దాని పేరు వూస్టర్ బార్. 1795 నుంచి ఇరవై ఏళ్లపాటు ఏ పడవా దీన్ని దాటలేదు. అటు పడవలో వచ్చిన సరుకును కూలీలు గట్టు మీదుగా మోసి ఇటు పడవకు ఎక్కించేవారు.

ఇంత తిక్క పని ఎందుకు చేశారంటే, నీళ్ల కోసం.

బర్మింగ్‌హామ్ మెరక మీద ఉన్న ఊరు. పడవలు నడిచే నది దాపుల్లో లేదు. ఇనుము, ఇత్తడి పనులకు బొగ్గు కావాలి. పది మైళ్ల లోపే గనులున్నా, గతుకుల బాటల్లో బళ్ల మీద తెచ్చేసరికి ధర మండిపోయేది. కార్ఖానాదారు మాథ్యూ బౌల్టన్ లాంటివాళ్లు పూనుకుని 1768లో పార్లమెంటు చేత కాలువకు చట్టం చేయించారు. తవ్వించే బాధ్యత ఇంజనీరు జేమ్స్ బ్రిండ్లీకి అప్పగించారు. 1769 నవంబరులో వెన్స్‌బరీ గనుల నుంచి మొదటి బొగ్గు పడవలు దిగాయి. ఊళ్లో బొగ్గు ధర దాదాపు సగానికి పడిపోయింది. 1772 సెప్టెంబరులో వుల్వర్‌హాంప్టన్ దాకా పని పూర్తయింది. అదే నెలలో బ్రిండ్లీ కన్నుమూశాడు.

బ్రిండ్లీ గుట్టలను కోయడానికి ఇష్టపడేవాడు కాదు. నేల ఎత్తు ఎటు సమంగా ఉంటే కాలువను అటే వంకర్లు తిప్పుతూ తీసుకుపోయేవాడు. స్మెథిక్ దగ్గర ఆ కిటుకు పారలేదు. సొరంగం వేద్దామంటే లోపల జారిపోయే ఇసుక. చివరికి గుట్ట ఎక్కడానికి ఆరు లాకులు, దిగడానికి ఆరు లాకులు కట్టాల్సి వచ్చింది.

గోదావరి, కృష్ణా డెల్టాల వాళ్లకు లాకుల సంగతి చెప్పనక్కర్లేదు. అక్కడ ఆనకట్ట వెనక నది ఉంటుంది, ఇక్కడ అది లేదు. లాకు తలుపులు తీసి మూసిన ప్రతిసారీ సుమారు లక్ష లీటర్లు పైనుంచి కిందికి పోతాయి. పోయిన నీటిని మళ్లీ పైకి తోడితే తప్ప తర్వాతి పడవకు దారి ఉండదు. అందుకే 1779లో స్మెథిక్‌లో బౌల్టన్, వాట్‌ల ఆవిరి యంత్రాన్ని పెట్టి, లాకుల్లోంచి దిగిన నీటిని తిరిగి గుట్ట మీదికి తోడించారు. ఆ యంత్రం 1891 దాకా పనిచేసింది. పనిచేసే స్థితిలో మిగిలిన ఆవిరి యంత్రాల్లో ప్రపంచంలోకెల్లా పాతదిగా పేరుపడి, ఇప్పుడు బర్మింగ్‌హామ్‌లోని థింక్‌ట్యాంక్ మ్యూజియంలో ఉంది.

ఇన్ని తిప్పలు పడి నీళ్లు కూడబెట్టుకున్న కాలువ కంపెనీకి, 1791లో సెవెర్న్ నది వైపు కొత్త కాలువ తవ్వుతామని ఇంకో కంపెనీ బయల్దేరితే ఎలా ఉంటుంది? రెండూ కలిస్తే తమ నీళ్లు అటు జారిపోతాయని, వాటితో పాటు బేరమూ పోతుందని పాత కంపెనీ భయపడింది. కొత్త కాలువ తమ కాలువను తాకకూడదని పట్టుబట్టింది. గట్టు అలా వెలిసింది. 1815లో రాజీ కుదిరి, గట్టును ఒకచోట తెంపి లాకు పెట్టారు. నేడు ఆ లాకు తలుపులు ఎప్పుడూ తెరిచే ఉంటాయి.

రేవు దాటాక బ్రాడ్ స్ట్రీట్ కింద దారి చీకటిగా ఉంటుంది. ఒకప్పుడు ఇక్కడ కాలువ మీదే కమానులు లేపి చర్చి కట్టారు. 1978లో దాన్ని కూల్చేశారు. అవతల వెలుతురులోకి వచ్చి కాస్త నడిస్తే ఓల్డ్ టర్న్ కూడలి. నీళ్ల మధ్య గుండ్రటి దిబ్బ కనిపిస్తుంది. అందానికి కట్టింది కాదది. కాలువ కింద రైలు సొరంగం ఉంది. రెండో ప్రపంచయుద్ధంలో బాంబు పడి కాలువ తెగితే సొరంగం మునుగుతుందని, నీటిని చటుక్కున ఆపే తలుపులు బిగించడానికి దిబ్బ వేశారు. దగ్గర్లోని పోత ఇనుప వంతెనల అంచులు తడిమితే వేలు పట్టేంత గాడులు తగులుతాయి. పడవలను లాగుతూ గట్టు మీద నడిచే గుర్రాల తాళ్లు ఏళ్ల తరబడి ఒరిసి ఒరిసి చేసిన గుర్తులవి. ఇక్కణ్నుంచి సూటిగా సాగే కాలువ 1820ల్లో ఇంజనీరు థామస్ టెల్ఫర్డ్ మొదలుపెట్టింది. బ్రిండ్లీ వంకరలను కోసేసి, వుల్వర్‌హాంప్టన్ దారిలో ఏడు మైళ్లు తగ్గించింది.

రైళ్లు వచ్చినా ఈ కాలువలు వెంటనే చావలేదు. కార్ఖానాకూ రైలు గోదాముకూ మధ్య సరుకు మోస్తూ బతికాయి. 1898లో వీటి మీద 80 లక్షల టన్నులకు పైగా సరుకు కదిలింది. దెబ్బ కొట్టింది లారీలు. 1948లో కాలువలు ప్రభుత్వపరమయ్యాయి. 1962-63 చలికాలంలో నీళ్లు వారాల తరబడి గడ్డకట్టడంతో మిగిలిన బేరంలో చాలా భాగం పోయింది. నల్లటి నీళ్లు, ఎత్తయిన ఇటుక గోడలు మిగిలాయి. ఊళ్లో నడిచేవాళ్లకు గోడ అవతల కాలువ ఉందన్న సంగతే తెలిసేది కాదు.

మార్పు ఒక్కసారిగా రాలేదు. 1960ల చివర్లో ఫార్మర్స్ బ్రిడ్జ్ లాకుల పక్కన నగరపాలక సంస్థ ఇళ్లు, నడక దారి, ఒక పబ్బు కట్టి కాలువను మొదటిసారి జనానికి చూపించింది. ఆ తర్వాత కూడా, 1970ల్లో, గ్యాస్ స్ట్రీట్‌లోని పాత గోదాములను జనం వద్దంటున్నా కూల్చేశారు. 1980ల్లో ఫ్యాక్టరీలు మూతపడి వేలమంది రోడ్డున పడ్డాక గానీ నగరానికి గట్టి ఆలోచన పుట్టలేదు. నగరం మెడకు కాంక్రీటు పట్టీలా బిగుసుకున్న రింగ్ రోడ్డును తెంచాలని 1988లో హైబరీ సదస్సు తేల్చింది. 1991లో కాలువ ఒడ్డున అంతర్జాతీయ సమావేశ కేంద్రం తెరుచుకుంది. ఎదుటి ఒడ్డున 1993లో బ్రిండ్లీప్లేస్ పనులు మొదలయ్యాయి. అక్కడే 1877 నాటి బడి భవనం 1998లో ఐకాన్ చిత్రశాల అయింది. ఆ ఏడే జీ8 సదస్సుకు వచ్చిన అమెరికా అధ్యక్షుడు క్లింటన్ కాలువ పక్క పబ్బులో కూర్చుని బీరు తాగాడు.

ఈ మార్పులో కొత్త యంత్రమేదీ లేదు. పెరటివైపు పడి ఉన్న కాలువను వీధివాకిలి చేయడమే జరిగింది. గుమ్మాలు నీళ్లవైపు తిప్పారు, గోడలు తీశారు, రెండు ఒడ్లనూ కలుపుతూ నడకవంతెన వేశారు. గాడులు పడిన వంతెననూ అడ్డుగట్టునూ మాత్రం ఉన్నచోటే ఉంచారు. లేకపోతే ఏ నగరంలోనైనా ఉండే గాజు మేడల వరుసే మిగిలేది.

నడక పొడిగిస్తే 1874 నాటి రౌండ్‌హౌస్ వస్తుంది. గుర్రపు నాడా ఆకారంలో కట్టిన ఈ ఇల్లు ఒకప్పుడు నగరపాలక సంస్థ గుర్రాలకూ సామానుకూ నెలవు. 2021లో మళ్లీ తెరిచాక దారి చూపేవాళ్ల వెంట నడిచే యాత్రలు ఇక్కణ్నుంచి సాగుతున్నాయి. దగ్గర్లోనే ఫార్మర్స్ బ్రిడ్జ్ పదమూడు లాకులు సుమారు ఎనభై అడుగులు దిగుతాయి. మేడల పునాదుల కిందుగా పోయే ఈ దారిలో నిగనిగలు తక్కువ.

ఒడ్డున మేడ కట్టినవాడు నీటి దృశ్యాన్నీ కలిపి అమ్ముకుంటాడు. ఆ నీటిని నిలబెట్టే ఖర్చు మాత్రం వేరేవాళ్లది. 2012 నుంచి ఆ బరువు కెనాల్ అండ్ రివర్ ట్రస్ట్ అనే స్వచ్ఛంద సంస్థ మీద ఉంది. తలుపులు మార్చాలి, గట్లు కాయాలి, టెల్ఫర్డ్ కాలం నాటి ఎడ్జ్‌బాస్టన్ జలాశయాన్ని చూసుకోవాలి. 2027 నుంచి పదేళ్లలో ప్రభుత్వ సాయం విలువ తగ్గుతూ పోతుందని 2023లోనే తేలింది. అప్పట్లో కాలువ కంపెనీలు నీటి లెక్క రాసుకునేవి, ఎందుకంటే నీళ్లుంటేనే బొగ్గు కదిలేది. ఇప్పుడు అద్దెలు కదలడానికీ ఆ నీళ్లే ఆధారం. కాబట్టి ఆ లెక్కలో ఒడ్డున లాభపడేవాళ్ల వాటా ఎంతో కూడా రాయాలి.